ఏడు ఎమ్మెమ్ కొండి

"ఇక మీదట ఈ రాష్ట్రంలో ఏ నట్టూ తన బోల్టు కోసం కన్నీరు పెట్టదు!" అని గృహ మరమ్మతుల శాఖ మంత్రిగారు కర్నూలు విలేకరుల సమావేశంలో ప్రకటించారు.

శాఖ కొత్తది. ఉన్న శాఖలన్నీ పంచేసినాక ఒక మంత్రిగారు మిగిలిపోయారు. మనిషిని వదులుకోలేక శాఖను కనిపెట్టారు. అట్లా దొరికిన శాఖే అయినా మంత్రిగారు దాన్ని కన్నబిడ్డలా సాకారు. 'చిన్న వస్తువు, పెద్ద మనసు' అని పథకానికి పేరు పెట్టారు. కుళాయి వాషరు గానీ, కిటికీ కొక్కెం గానీ, కుక్కరు పిడి గానీ, ఇంట్లో ఊడిపోయిన ఏ చిన్న ముక్క కోసమూ పేదవాడు అంగడంగడీ తిరగనక్కర్లేదనీ, ఊడిన ముక్కను శాంపిల్‌గా ఇస్తే చాలు, అచ్చం అలాంటిదే ప్రభుత్వం వెతికి గడప ముందుకు తెచ్చిస్తుందనీ చెప్పారు. "ఎన్నాళ్ళలో సార్?" అని ఒక విలేకరి అడిగాడు. మంత్రిగారు అతన్ని ఎంతో వాత్సల్యంతో చూసి "నీది ఏ పత్రిక నాయనా?" అన్నారు. సమావేశం జయప్రదంగా ముగిసింది.

ఆ వార్త అచ్చయిన పేపరు, మర్నాడు పాత బస్టాండు దగ్గర మౌలాలి భాయ్ హార్డ్‌వేర్ అంగట్లో గల్లాపెట్టె మీద పరిచి ఉంది. పేపరు మీద ఒక విరిగిన ఇనుప ముక్క. ముక్కకు అవతల మౌలాలి భాయ్, ఇవతల కల్లూరు కాలనీ సుంకప్ప.

సుంకప్ప నేతగాడు. కోడుమూరు నుండి వచ్చి, కాలనీలో ప్రభుత్వం కట్టిచ్చిన ఇంటి ముందుగదిలో మగ్గం వేసుకున్నాడు. మగ్గం తనది. మగ్గం మీది పట్టూ జరీ షావుకారువి. ఇంటికి ఉన్నది ఒకటే తలుపు, రేకు తలుపు. దానికి గడియ బాగానే ఉంది. గడియను లాగి బీగం తగిలించడానికి ద్వారబంధానికి ఒక కొండి ఉండేది, సగం ఉంగరంలా వంచిన ఇనుప ముక్క. అది పోయిన నెల విరిగి అతని చేతికొచ్చింది. అప్పటి నుండి లోపల గడియ వేసుకోవచ్చు గానీ బయట బీగం పడదు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండి తీరాలి. పక్కింటివాళ్ళను చూసుకోమందామా అంటే కాలనీలో కొండి విరగని ఇల్లు లేదు. ఎవరింటికి వాళ్ళే కాపలా. రెండేళ్ళుగా ఆ కాలనీలో దొంగతనమన్నదే జరగలేదని పోలీసువారికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

మామూలు రోజుల్లో అయితే సుంకప్ప సర్దుకుపోయేవాడు. కానీ మొక్కు ఉంది. కూతురు లక్ష్మీప్రియ బిడ్డ శివాని పుట్టినప్పుడు ఊపిరాడక నీలమైపోతే, ఆసుపత్రి వరండాలో నిలబడి సుంకప్పే మొక్కుకున్నాడు. మూడో ఏడు నిండేలోగా అహోబిలంలో, స్వామి నక్షత్రమైన స్వాతి నాడు, తాతా అవ్వా ఒడిలో పెట్టుకుని బిడ్డ పుట్టెంట్రుకలు ఇప్పిస్తామని. మూడేళ్ళు నిండేలోగా ఇక మిగిలింది ఒకటే స్వాతి, వచ్చే నెలది. ఇద్దరూ పోవాలి. ఇద్దరూ పోవాలంటే బీగం వేయాలి. బీగం వేయాలంటే కొండి కావాలి.

హార్డ్‌వేర్ అంగళ్ళలో ఒక మర్యాద ఉంది. నోటితో అడిగితే ఎవరూ తలెత్తరు. పాత ముక్కను చేతిలో పెట్టాలి. సుంకప్ప కొండిని పసుపుగుడ్డలో చుట్టుకుని అప్పటికి పది అంగళ్ళు తిరిగాడు. పది చోట్లా చూసి, తిప్పి చూసి, "ఒట్టి కొండి రాదప్పా, సెట్టు మొత్తం తీసుకో" అన్నారు. సెట్టు మార్చాలంటే రేకుకు కొత్త తూట్లు వేయాలి. ఆ రేకు ఎంత పలచనంటే, ఎండలో నిలబడితే తలుపు వెనక మనిషి ఎవరో పోల్చుకోవచ్చు.

మౌలాలి భాయ్ కొలత పెట్టి చూశాడు. "ఏడు ఎమ్మెమ్. ఆరుండాది, ఎనిమిదుండాది. ఏడు ఎవుడూ చేయడప్పా."

"మరి మా ఇండ్లకు యాడ్నించి వచ్చినాది భాయ్?"

"కాగితంలో ఎనిమిది రాసుంటారు. ఆరు ఏస్తే దొరికిపోతాడు గదా కాంట్రాక్టరు. కొంచెం దేవుని భయం ఉండేటోడు లాగుండాడు, మధ్యలో ఆపినాడు."

"ఎనిమిదిది పట్టదా?"

"మీది సిమెంటు ద్వారబంధం. బొక్క పెద్దది చేస్తే పగుల్తాది. ఒక పని చెయ్. శాంపిల్ ఈడ పెట్టి పో. ఎనిమిది రాడ్ ముక్క వంచి, ఆకురాయితో రాకి ఏడు చేసిస్తా. బేస్తవారం రా."

సరేనందామనుకుంటూ సుంకప్ప వంగాడు. అప్పుడే కొండి కింద మంత్రిగారి ముఖం కనిపించింది. కొండిని పక్కకు జరిపి వార్త చదివాడు. మూడుసార్లు చదివాడు, మూడుసార్లూ చేతులు జోడించాడు. స్తంభంలో నుంచి రాగలిగిన స్వామి పేపరులో నుంచి రాలేడా?

"వద్దులే భాయ్. గవర్నమెంటే ఇస్తాదంట. ఇంటికాడికే తెస్తారంట."

మౌలాలి భాయ్ కూడా వార్త చదివాడు. పేపరు మడిచి, "మంచిదే," అన్నాడు. "శాంపిల్ జాగ్రత్తప్పా."

కాలనీలో ఈ పథకానికి కన్వీనరు రంగన్న. అధికార పార్టీ అంటే రంగన్నకు ప్రాణం. ప్రభుత్వం మారిన రోజు సాయంత్రానికల్లా ఆ ప్రాణం కొత్త పార్టీలోకి మారేది. అంతటి నిబద్ధత. మొదటి దరఖాస్తు వచ్చిందని తెలిసి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సుంకప్పను తలుపు పక్కన నిలబెట్టి, చేతిలో కొండి పెట్టాడు.

"కొంచెం దిగులుగా పెట్టు సుంకప్పా ముఖం. అంత కాదు. కొండి పోయినోని మాదిరి ఉండాల. ఇల్లు పోయినోని మాదిరి ఉండావు."

ఫోటో అయ్యాక కొండిని ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచికి నంబరు అంటించి, ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు.

"ఏమి రాసుండాది రంగన్నా ఇందులో?"

"ఏం లేదు. పథకం అమలులో ఉండంగా నీ అంతట నువ్వు బాగు చేసుకోనని. చేసుకుంటే గవర్నమెంటుకు అవమానం గదా."

"అదీ నిజమే," అన్నాడు సుంకప్ప. పెద్దలకు అవమానం జరిగే పని అతనెప్పుడూ చేయలేదు.

అతని భార్య గిడ్డమ్మ మాత్రం లోపలి నుంచి, "ఇరిగిందైనా మన కొండి మన ఇంట్లో ఉన్నింది. ఇప్పుడు అదీ లేదు," అంది. ఆడవాళ్ళకు ప్రభుత్వ విధానాలు తొందరగా అర్థం కావు.

వారం తర్వాత జీపు వచ్చింది. అందులో నుంచి నోడల్ అధికారి ఏసుకుమార్ సారు, మరో ఐదుగురు దిగారు. ఏసుకుమార్ సారు చాలా నిక్కచ్చి మనిషి. ఏ పనీ తొందరపడి చేయడు. ఆలస్యంగా కూడా చేయడు. ద్వారబంధానికి ఉన్న రెండు బొక్కలను ఆరుగురూ వంతులవారీగా చూశారు.

"శాంపిల్ స్టడీ చేశాం," అన్నాడు ఏసుకుమార్ సారు. "కొండి అన్నది ఒంటరిగా బతికే వస్తువు కాదు. గడియతో దానికి సంబంధం ఉంటుంది. ఆ సంబంధాన్ని ల్యాబులో పరీక్ష చేయాలి. గడియ ఊడదీయండి."

"సార్, గడియ బాగనే ఉండాది."

"బాగున్నది కాబట్టే తీసుకుంటున్నాం. పాడైపోయింది తీసుకుని ఏం చేస్తాం?"

గడియ జీపెక్కింది. ఊడదీసేటప్పుడు బయటి గడియకూ లోపలి గడియకూ ఒకటే బోల్టని తెలిసింది. కాబట్టి లోపలిది కూడా ఎక్కింది. ఆ రోజు నుండి రాత్రిళ్ళు తలుపుకు రుబ్బురోలు అడ్డం పెట్టి పడుకున్నారు.

ఇంకో పది రోజులకు అమరావతి నుండి ఉత్తరం వచ్చింది. కొండి అందింది, గడియ అందింది, పరిశీలన సంతృప్తికరం, అయితే ఈ గడియ ఏ తలుపుదో ఆ తలుపు లేకుండా తుది నిర్ణయం సాధ్యం కాదు. ఇంతలోనే రాష్ట్రంలో తొలి 'విడిభాగాల భరోసా కేంద్రం' కల్లూరులోనే ప్రారంభించాలనీ, మంత్రిగారే స్వయంగా వేదిక మీద తలుపుకు కొండి బిగించి చూపాలనీ నిర్ణయమైంది. రాష్ట్రమంతటిలోనూ సుంకప్ప తలుపు ఎంపికైంది.

రంగన్న మిఠాయి పొట్లంతో వచ్చాడు. "నీ తలుపు అదృష్టం చూడప్పా! ఎంతమంది తలుపులు అట్లే ఉండిపోలేదు?"

నలుగురు మనుషులు తలుపును పెళ్ళికూతుర్ని ఎత్తినట్టు ఎత్తారు. తలుపు నడుమ గిడ్డమ్మ పెట్టిన పసుపు బొట్టు, పక్కన మూడు నామాల స్టిక్కరు, కింద శివాని పోయిన పండక్కి సుద్దముక్కతో గీసిన కోడి, అన్నీ లారీ ఎక్కాయి. గిడ్డమ్మ పాత చీర ఒకటి ద్వారానికి కట్టింది. కట్టి, మొగుని వైపు తిరిగింది.

"ఏమయ్యా, కొండి పాయె. గడియ పాయె. తలుపు పాయె. ఈసారి జీపొస్తే నన్నెక్కించి పంపు. సైజు చూసి పెట్టుకుంటారు."

"అట్లనకే. మంచికే చేస్తాండారేమో."

"ఎవురి మంచికి?"

సుంకప్ప దేవుని గూటి వైపు చూశాడు. ఈ ప్రశ్న అతనికీ వచ్చింది. పెద్దలను అనుమానించడం పాపమా, అనుమానించకపోవడం పాపమా అన్నది స్వామిని అడుగుదామనుకున్నాడు. అడగడానికి అహోబిలం పోవాలి.

ప్రారంభోత్సవం అద్భుతంగా జరిగింది. కేంద్రం అంటే పాత చౌకబియ్యం గోదామే. రంగు వేసి, గోడల నిండా ప్లాస్టిక్ డబ్బాలు పేర్చారు. వాషరు, స్ప్రింగు, మేకు, మర, కొక్కెం అని ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరు. సుంకప్ప ఎవరూ చూడనప్పుడు 'కొండి' డబ్బా మూత తీశాడు. లోపల ఒక బంతిపువ్వు ఉంది. పక్క డబ్బాలో అదీ లేదు.

వేదిక మీద థర్మకోల్ ద్వారబంధం. దానికి సుంకప్ప తలుపు. పళ్ళెంలో ఎర్ర మఖమలు గుడ్డ, గుడ్డ మీద తళతళమని ఒక కొండి. మంత్రిగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి జనానికి చూపారు. చప్పట్లు మోగాయి. వేదిక పక్కన నిలబడ్డ సుంకప్ప కళ్ళు చికిలించి చూశాడు. విరిగిన చోట అతుకు, అతుకు మీద కొత్త మెరుగు. అది తన కొండే. నెల రోజులు పది అంగళ్ళు తిప్పిన ముక్కను మనిషి మర్చిపోడు.

"ఒక కొండి!" అని మంత్రిగారు గద్గద స్వరంతో అన్నారు. "గత ప్రభుత్వాలు ప్రాజెక్టులు చూశాయి, రోడ్లు చూశాయి. కొండిని చూసిన ప్రభుత్వం ఏదైనా ఉందా అని అడుగుతున్నా!"

లేదు, లేదు అని ముందు వరుసల్లో కూర్చున్నవాళ్ళు అరిచారు. నిజానికి ఉంది. ఏడు ఎమ్మెమ్ కొండిని వేయించిన ప్రభుత్వంలో మంత్రిగారే గృహ నిర్మాణం చూసేవారు. ఆనాటి సంగతి ఎత్తకపోవడం ఆయన వినయం.

మంత్రిగారు థర్మకోల్‌కు కొండి గుచ్చారు. గడియ లాగారు. బీగం వేశారు. కెమెరాలు మెరిశాయి. లబ్ధిదారుణ్ణి పిలిచి చేతిలో మూడడుగుల అట్ట బీగంచెవి పెట్టారు. అసలు బీగంచెవి మంత్రిగారి పీఏ జేబులో పడింది. రంగన్న మైకు సుంకప్ప నోటి దగ్గర పెట్టాడు.

"చెప్పప్పా, ఎట్లుండాది నీకు?"

"నా తలుపు ఎప్పుడు..." అన్నాడు సుంకప్ప. అక్కడితో మైకు చెడిపోయింది. ప్రభుత్వ మైకులు ఎప్పుడు చెడాలో అప్పుడే చెడతాయి. దానికి విడిభాగాలతో పనిలేదు.

సభ అయ్యాక, తలుపును మళ్ళీ లారీకి ఎక్కిస్తూ ఉంటే సుంకప్ప ఏసుకుమార్ సారు వెంటబడ్డాడు.

"సార్, మా ఇల్లు ఆ పక్క సార్. లారీ ఈ పక్కకు తిరిగినాది."

"ఇంటికెందుకు? ఇది మోడల్ తలుపు. వచ్చే బుధవారం ఎర్రగుంట్లలో రెండో కేంద్రం ప్రారంభం. తర్వాత మిగతా జిల్లాలు. మీరూ రావాలి. తలుపుతో పాటు లబ్ధిదారుడు కూడా ప్రోగ్రాంలో ఉన్నాడు."

"మర్నాడే స్వాతి సార్, నేను అహోబిలం పోవాల. మొక్కుండాది."

ఏసుకుమార్ సారు ఆలోచించాడు. "సరే. మీరు రాకపోయినా ఫర్వాలేదు. సుంకప్ప వస్తే చాలు. అది మేం చూసుకుంటాం."

ఆ మాట సుంకప్పకు అర్థం కాలేదు. "మరి మా ఇంటికి తలుపు సార్?"

"తలుపు మా శాఖ కాదు. మాది చిన్న వస్తువు. తలుపు పెద్ద వస్తువు. దానికి వేరే శాఖ ఉంది. దరఖాస్తు పెట్టుకోండి." రెండడుగులు వేసి, దయతో వెనక్కి తిరిగాడు. "శాంపిల్‌గా పాత తలుపు జత చేయాలి."

ఆ సాయంత్రమే ఫోను మోగింది. ఒక ఆడగొంతు తేనె పూసినట్టు పలికింది. "నమస్కారం. మీ కొండి సమస్య పరిష్కరించబడింది. మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి. చాలా సంతృప్తి చెందితే రెండు నొక్కండి." సుంకప్ప చాలాసేపు ఆ ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఏదీ నొక్కలేదు. కాసేపటికి ఆ గొంతే, "మీ మౌనాన్ని రెండుగా నమోదు చేసుకున్నాం. ధన్యవాదాలు," అంది.

స్వాతి రానే వచ్చింది. ఆ పొద్దున సుంకప్ప గడప మీద కూర్చున్నాడు. ఇంట్లో ఉన్నట్టూ కాదు, బయట ఉన్నట్టూ కాదు. వెనక మగ్గం మీద షావుకారు పట్టు సగం నేసి ఉంది. ముందు చీర తెర గాలికి లేచి పడుతోంది. గిడ్డమ్మ తలస్నానం చేసి, ముడుపు కొంగున కట్టుకుని నిలబడింది.

"నేనొక్కదాన్నే పోతానులే. స్వామికి చెప్తా, మీ గవర్నమెంటు మా ఆయన్ను కాపలా పెట్టుకున్నాదని," అంది. గొంతు మాత్రం తిట్టినట్టు లేదు.

అప్పుడు సైకిలు మీద మౌలాలి భాయ్ దిగాడు. జేబులో నుంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. నల్లగా, నున్నగా, ఆకురాయి గీతలతో ఒక కొండి.

"ఏడు ఎమ్మెమ్. తెగ రాకినానప్పా, చెయ్యి బొబ్బలెక్కినాది."

"శాంపిల్ లేదు గదా భాయ్?"

"ఒకసారి కొలిచినా గదా. బేస్తవారం అన్నా, ఏ బేస్తవారమో చెప్పలే, అంతే. యాడ, తలుపు చూపించు, బిగిస్తా."

మౌలాలి భాయ్ చీర తెర పక్కకు తీసి చూశాడు, ద్వారబంధం చూశాడు, వీధి అటూ ఇటూ చూశాడు. సుత్తి తీసి ద్వారబంధం బొక్కల్లో కొండిని దిగ్గొట్టాడు. ఒక్క వెంట్రుక సందు లేకుండా పట్టింది. అంత చక్కని కొండి ఆ కాలనీలో ఇంకొకటి లేదు.

"అయితే పోండి ఇద్దరూ," అన్నాడు గడప మీద చతికిలబడుతూ. "నా అంగడికి బీగముండాది. మీ ఇంటికి నేనుంటా. చెల్లెమ్మా, మంచినీళ్ళు యాడుండాయో చూపించి పో."

సుంకప్ప గూట్లో ఉన్న బీగం తీశాడు. తెచ్చి, కొత్త కొండికి తగిలించి నొక్కాడు. పోయేటప్పుడు ఎవరైనా చేసినట్టే రెండుసార్లు గుంజి చూశాడు. గట్టిగా పడింది. బీగంచెవి మొలతాడుకు కట్టుకుని బస్సెక్కాడు.

అహోబిలంలో లక్ష్మీప్రియ, అల్లుడు ముందే వచ్చి ఉన్నారు. శివాని తాత ఒడిలో కూర్చుని, మొదటి కత్తెరకు ఏడ్చి, గుండు పూర్తయ్యేసరికి మంగలాయనతో స్నేహం చేసుకుంది. చందనం పూశాక దర్శనం వరుసలో నిలబడ్డారు. అప్పుడు కూతురు ఫోను తీసింది.

"నాయనా, నిన్న మా ఎర్రగుంట్లలో మీటింగు. మన తలుపు ఉండాది చూడు, పాప గీసిన కోడితో సహా."

చిన్న తెర మీద తలుపు, పక్కన మంత్రిగారు, ఆయన పక్కన మెడలో పూలదండతో ఒక బక్కమనిషి. చేతిలో మూడడుగుల అట్ట బీగంచెవి. కింద అక్షరాలు నడుస్తున్నాయి: 'లబ్ధిదారుడు సుంకప్ప.'

"ఫ్యాక్టరీ గేటు కాడ మూటలు మోసే ఆయన మామా," అన్నాడు అల్లుడు. "రాత్రిళ్ళు గూడా ఆ గేటు కాడే పండుకుంటాడు. పేరు వేరే."

ఆ సుంకప్ప మైకు చెడిపోలేదు. "నిన్నటిదాకా ఇంటికి బీగం ఏసే గతి లేక యాడికీ పోలేకపోతిని," అంటున్నాడు గుక్క తిప్పుకోకుండా. "మంత్రిగారి దయవల్ల ఇప్పుడు బీగం ఏసి, నిమ్మళంగా అహోబిలం పోయొచ్చినా. స్వామి దర్శనం శానా బాగా అయినాది."

"నీకన్నా బాగా మాట్లాడ్తాండాడు," అంది గిడ్డమ్మ.

సుంకప్ప ఆ మనిషి ముఖాన్ని దగ్గరగా చూశాడు. వరుస కదిలింది.

గర్భగుడి ముందు అర్చకస్వామి పళ్ళెం అందుకుని, "పేరు?" అన్నారు.

"సుంకప్ప, స్వామీ."

ఆయన పేరు చదివి, తులసి వేసి, పక్కవాళ్ళ వైపు తిరిగారు. సుంకప్ప కదల్లేదు.

"ఇంకొక్కసారి చదవండి స్వామీ."

"ఇంకో పేరా?"

"అదే పేరు స్వామీ, మనిషి వేరే. ఎర్రగుంట్లాయన. దర్శనం అయినాదని మైకులో చెప్పేసినాడు. మనిషి ఇంకా రాలేదు."